పాత కారు బ్యాటరీ: ముందు పరీక్షించడం, తరువాతే మార్చడం ఎలా

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా నాలుగు వీధులు తిరిగితే ఒక పాత మారుతి 800 గానీ, జెన్ గానీ, అంబాసిడర్ గానీ ఇంకా కనిపిస్తుంది. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది కనుక, ఆ బండ్లలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా పదేళ్లు దాటాయి. అటువంటి బండి ఒక ఉదయం తాళం తిప్పగానే ‘కట కట’మని ఊరుకుంటే, యజమాని నోట వచ్చే మొదటి మాట ‘బ్యాటరీ పోయింది’ అన్నదే. చాలాసార్లు తప్పు టెర్మినల్ మీద పేరుకున్న తెల్లని పొడిలోనో, వదులైన ఎర్తు కేబులులోనో, సాగిపోయిన ఫ్యాన్ బెల్టులోనో ఉంటుంది. అది తెలియక కొత్త బ్యాటరీ కొన్నవారి డబ్బు ఖర్చవుతుంది, తప్పు మాత్రం బండిలోనే మిగిలిపోతుంది. కాబట్టి ముందు శుభ్రం చేయండి, తరువాత పరీక్షించండి, ఆ పరీక్షలో తప్పిన బ్యాటరీనే మార్చండి. ఈ వరుసను తలకిందులు చేయవద్దని నా గట్టి మనవి.

మన ఎండ, మన గాలి

చలిదేశాల్లో బ్యాటరీలు మంచు కురిసే రోజున మొండికేస్తాయి. మనకు శత్రువు ఎండ. రసాయన చర్య వేగం ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపవుతుందని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. బ్యాటరీ లోపల సీసపు ఫలకలు తినివేయబడటానికీ, నీరు ఆవిరై పోవడానికీ అదే వర్తిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో, ఇంజను పక్కనే బానెట్ కింద మూసుకుపోయి ఉండే బ్యాటరీ ఎంత వేడిని భరిస్తుందో ఊహించండి. అలా వేసవిలో దెబ్బతిన్న బ్యాటరీ వెంటనే బయటపడదు. వానలు మొదలై, హెడ్‌లైట్లు, వైపర్లు, లోపలి ఫ్యాను ఒకేసారి పనిచేయవలసి వచ్చిన రాత్రి బయటపడుతుంది.

రెండోది ఉప్పుగాలి. కొత్తపట్నం, సింగరాయకొండ, మైపాడు, కృష్ణపట్నం వైపు తీరానికి దగ్గరగా ఉండే బండ్లలో టెర్మినళ్లు, ఎర్తు బోల్టులు త్వరగా తుప్పు పడతాయి. చీమకుర్తి వైపు తిరిగే బండ్లకైతే గ్రానైట్ దుమ్ము మరో సమస్య. ఆ దుమ్ము బ్యాటరీ పైభాగాన పేరుకొని, ఆసిడ్ తేమతో కలిసి తడిగా అంటుకుంటే, ఒక టెర్మినల్ నుంచి మరో టెర్మినల్‌కు సన్నని దారి ఏర్పడి, బండి నిలిచి ఉన్నా చార్జి మెల్లగా కారిపోతూనే ఉంటుంది. కాబట్టి బ్యాటరీ పైభాగాన్ని తుడిచి ఉంచడం కేవలం శుభ్రత కోసం చేసే పని అనుకోకండి.

చేయి పెట్టే ముందు

కావలసిన సామాను తక్కువే. చాలా చిన్న కార్లలో టెర్మినల్ క్లాంపులకు 10 నంబరు స్పానరు సరిపోతుంది. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు, గ్రావిటీ (ఆసిడ్ నీటికన్నా ఎంత చిక్కగా ఉందో) చూసే హైడ్రోమీటరు, ఒక సీసా డిస్టిల్డ్ వాటరు, వంటసోడా, పాత పళ్ల బ్రష్షు, వాసెలిన్, రబ్బరు చేతొడుగులు, కళ్లద్దాలు, పక్కన ఒక బకెట్ మంచినీళ్లు ఉంటే చాలు. బ్యాటరీలో ఉన్నది సల్ఫ్యూరిక్ ఆసిడ్. చర్మం మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగి, ఆ తరువాత ఆలస్యం చేయకుండా కంటి వైద్యుని వద్దకు వెళ్లండి. చేతి ఉంగరం, లోహపు గడియారం, గాజులు తీసి పక్కన పెట్టండి. అవి ప్లస్సుకూ బాడీకీ మధ్య తగిలితే క్షణంలో ఎర్రగా కాలతాయి.

చార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది నిప్పురవ్వకే పేలుతుంది. బీడీ, సిగరెట్టు సంగతి చెప్పనవసరం లేదు గానీ, దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు బానెట్ ఎత్తి ఇంజను దగ్గర కర్పూర హారతి పట్టే అలవాటు మనలో ఉంది. అప్పుడే తిరిగి వచ్చిన బండికైనా, చార్జరు పెట్టి ఉన్న బండికైనా హారతి ముందువైపున, దూరం నుంచి ఇవ్వండి.

మొదట శుభ్రం చేయండి

ఇంజను ఆపి, తాళం తీసి, మైనస్ కేబులును ముందుగా విప్పండి, తరువాత ప్లస్సును విప్పండి. మైనస్ తీగ కారు బాడీకి కలిసి ఉంటుంది కనుక, అది కలిపి ఉండగా ప్లస్సును విప్పుతున్నప్పుడు స్పానరు బాడీకి తగిలితే పెద్ద మెరుపుతో షార్టు అవుతుంది. మైనస్ ముందే విప్పేసి ఉంటే స్పానరు బాడీకి తగిలినా ప్రమాదం లేదు. బిగించేటప్పుడు దీనికి వ్యతిరేక క్రమం: ప్లస్సు ముందు, మైనస్ చివర. 1960ల నాటి కొన్ని బ్రిటిష్ నమూనా బండ్లలో ప్లస్సే బాడీకి కలిపి ఉండేది. అంత పాత బండి మీ దగ్గర ఉంటే, బాడీకి వెళ్లే తీగ ఏదో కళ్లతో చూసి, దానినే ముందు విప్పండి.

ఇప్పుడు గ్లాసెడు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి, టెర్మినళ్ల మీదా క్లాంపుల లోపలా పోస్తూ బ్రష్షుతో రుద్దండి. తెల్లగానో నీలంగానో ఉన్న పొడి నురగెత్తి కరిగిపోతుంది. సెల్ మూతలు మాత్రం గట్టిగా బిగించి ఉండాలి. సోడానీళ్లు ఒక్క చుక్క లోపలికి వెళ్లినా ఆసిడ్ పాడవుతుంది. మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, క్లాంపు లోపల లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దండి. బిగించిన తరువాత పైన పలచగా వాసెలిన్ రాయండి. చేతికి దొరికింది కదా అని బేరింగు గ్రీజును క్లాంపు లోపల దట్టంగా పట్టించేవారున్నారు, అది కరెంటు దారికే అడ్డు పడుతుంది. వాసెలిన్ కూడా బిగించాకే, పైనే.

నీళ్ల మట్టం చూడండి

మూతలున్న బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. ఒక్కొక్కటి విప్పి చూస్తే ఫలకల పైన సుమారు 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఎత్తున ద్రవం ఉండాలి. పెట్టె మీద గీతలుంటే పై గీత దాటకూడదు. తగ్గితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయండి. ఈ మాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో బ్యాటరీలు ఎక్కువగా నాశనమయ్యేది ఇక్కడే. పడమటి ప్రకాశంలో బోరు నీళ్లలో ఫ్లోరైడు, లవణాలు ఎక్కువని అందరికీ తెలుసు; తీరంలో బోర్లు చాలాచోట్ల ఉప్పునీళ్లే. ఆ నీళ్లలోని క్లోరైడు, ఇనుము ఫలకలను తినేస్తాయి. ఇంటికి వచ్చే ఇరవై లీటర్ల డబ్బా నీళ్లు మనకు తాగడానికి మంచివే గానీ, వాటిలోనూ కొంత లవణం మిగిలే ఉంటుంది. ఏసీ నుంచి కారే నీళ్లు ‘డిస్టిల్డ్ వాటరుతో సమానం’ అనుకుని పట్టి పోసేవారు కూడా ఉన్నారు. ఆ నీళ్లలో దుమ్ము, రాగి, అల్యూమినియం కలిసి ఉంటాయి. పెట్రోలు బంకులోనో, బ్యాటరీ షాపులోనో డిస్టిల్డ్ వాటరు సీసా దొరకని ఊరు లేదు.

ఫలకలు బయటపడి ఉంటే అవి మునిగేంత వరకు మాత్రం ముందు పోసి, చార్జి చేసిన తరువాత పూర్తి మట్టానికి నింపండి, ఎందుకంటే చార్జి అయ్యేటప్పుడు ద్రవం పొంగుతుంది. వాడుకలో ఉన్న బ్యాటరీలో ఆసిడ్ ఎప్పుడూ పోయకండి. ఆవిరై పోయింది నీరే, ఆసిడ్ అక్కడే ఉంది. ఏప్రిల్ నుంచి జూన్ చివరి దాకా పదిహేను రోజులకొకసారి, మిగతా కాలంలో నెలకొకసారి ఈ పరీక్ష చేయండి.

మూతలు లేని బ్యాటరీలలో కొన్నిటికి పైన చిన్న గాజు కన్ను ఉంటుంది. సాధారణంగా ఆకుపచ్చ కనిపిస్తే చార్జి ఉందని, నలుపు కనిపిస్తే చార్జి చేయాలని, తెలుపు కనిపిస్తే ద్రవం తగ్గిందని అర్థం. ఆ కన్ను ఆరు సెల్స్‌లో ఒకదానినే చూస్తుంది కనుక దానిని పూర్తిగా నమ్మవద్దు.

పరీక్షించండి

రాత్రంతా నిలిపి ఉంచిన బండిని ఉదయం స్టార్టు చేయకముందే మల్టీమీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర తీగను ప్లస్సుకూ నల్ల తీగను మైనస్సుకూ ఆనించండి. 12.6 లేదా అంతకన్నా ఎక్కువ చూపిస్తే నిండా చార్జి ఉంది. 12.4 అంటే సుమారు ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు మిగిలినట్లు. ఇక్కడ తక్కువ కనిపించినంత మాత్రాన బ్యాటరీ పోయినట్లు కాదు. చార్జి తగ్గిందని మాత్రమే దాని అర్థం. చార్జింగ్ షాపులో గానీ ఇంటి చార్జరుతో గానీ నింపి, ఒక రాత్రి ఆగి, మళ్లీ చూడండి. ఇంట్లో చార్జి చేస్తే ఆంపియర్లను బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతుకు మించనీయకండి. 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే సామర్థ్యపు కొలత) బ్యాటరీకి మూడున్నర ఆంపియర్లు చాలు, పది పన్నెండు గంటలు పడుతుంది. గంటలో నింపి ఇస్తామనే షాపుల్లో బ్యాటరీ వేడెక్కి ఫలకలు వంగే ప్రమాదం ఉంది.

నిండిన తరువాత ప్రతి సెల్‌లో గ్రావిటీ చూడండి. మంచి సెల్ 1.240 నుంచి 1.280 మధ్య చూపిస్తుంది. వేడి ప్రాంతాలకు అమ్మే బ్యాటరీలలో కొంచెం పలచని ఆసిడ్ వాడతారు కనుక మన దగ్గర 1.240 కనిపించినా భయపడనవసరం లేదు. చూడవలసింది సెల్స్ మధ్య తేడా. ఐదు సెల్స్ 1.250 చూపుతూ ఒకటి 1.180 దగ్గరే ఆగిపోతే, ఆ సెల్ చచ్చిపోయింది. ఒక్క సెల్ పోయినా బ్యాటరీ మొత్తం మార్చవలసిందే, దానికి మరమ్మతు లేదు.

తరువాత సెల్ఫు పరీక్ష. ఒకరు లోపల కూర్చుని తాళం తిప్పుతుండగా మరొకరు మీటరు చూడండి. సెల్ఫు తిరుగుతున్నంతసేపు వోల్టేజి 9.6 కన్నా కిందికి పోకూడదు. నిండా చార్జయిన బ్యాటరీ ఎనిమిదికో ఏడుకో పడిపోతే దాని పని అయిపోయినట్లే. వోల్టేజి 12 దగ్గరే నిలబడి, సెల్ఫు మాత్రం తిరగకపోతే తప్పు బ్యాటరీలో లేదు. టెర్మినళ్లనో, ఎర్తు కేబులునో, సెల్ఫు మోటారునో అనుమానించండి.

ఇంజను స్టార్టయిన తరువాత, కాస్త యాక్సిలరేటరు ఇచ్చి చూస్తే 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. 13.5 కన్నా తక్కువైతే, ఇంజను నడుస్తుండగా బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు బలహీనపడిందో, ఫ్యాన్ బెల్టు జారుతోందో చూడండి. 15 తాకుతుంటే ఆ వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరు పాడైంది. అది బ్యాటరీని ఉడకబెడుతుంది, నీళ్లు వారం వారం తగ్గుతాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఆ స్థితిలో కొత్త బ్యాటరీ వేస్తే అదీ కొద్ది నెలల్లో పోతుంది.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి హెచ్చరించాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కేబులు పీకి, బండి ఆగకపోతే ‘డైనమో బాగుంది’ అని తేల్చే మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు. నిజంగా డైనమో ఉండే పాత అంబాసిడర్లు, ఫియట్ల కాలంలో ఆ పరీక్ష చెల్లింది. ఆల్టర్నేటరు ఉన్న బండిలో అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి డయోడ్లను, రెగ్యులేటరును, ఎంపీఎఫ్ఐ బండ్లలో (కార్బురేటరు బదులు కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మేవి) కంప్యూటరును కూడా కాల్చివేయవచ్చు. మీ బండి మీద ఎవరినీ అలా చేయనివ్వకండి. వయసులో పెద్దవారైనా సరే, మర్యాదగా ఆపి మీటరు చేతికివ్వండి.

ఎర్తు కేబులు సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. మా 800 ఒక వేసవిలో రోజు విడిచి రోజు మొరాయిస్తుంటే, షాపులో ‘సెల్ వీకైంది’ అన్నారు, నేను కొత్త బ్యాటరీ కొన్నాను. మూడు వారాల తరువాత అదే ‘కట కట’. చివరికి వేరే మెకానిక్కు ఇంజనుకూ బాడీకీ మధ్య ఉన్న ఎర్తు పట్టీని విప్పి చూపిస్తే, బోల్టు కింద పచ్చని తుప్పు, పట్టీలో సగం పోగులు తెగిపోయి ఉన్నాయి. చిన్న పట్టీ మార్చగానే బండి మొదటి తిప్పుకే అందుకుంది. మా పాత బ్యాటరీని అప్పటికే ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాను. అందుకని ఎర్తు బోల్టులు విప్పి, రుద్ది, బిగించనిదే బ్యాటరీ మీద తీర్పు చెప్పవద్దని అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను.

నిలబెట్టి ఉంచే బండి

పిల్లలు విదేశాల్లో ఉండి, సెలవుల్లో వచ్చినప్పుడే బయటికి తీసే కార్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. తాళం తీసేసినా గడియారం, స్టీరియో, అలారం కొంచెం కరెంటు లాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీఆంపియర్లయితే రోజుకు 1.2 ఏహెచ్, 35 ఏహెచ్ బ్యాటరీ రెండు వారాల్లో సగం ఖాళీ అవుతుంది. ఖాళీగా వదిలేసిన బ్యాటరీలో ఫలకల మీద సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది, ఆ తరువాత ఎంత చార్జి చేసినా పూర్తిగా కరగదు. రెండు వారాలకు మించి బండి తీయనప్పుడు మైనస్ కేబులు విప్పి పెట్టండి, నెలకొకసారి చార్జరు పెట్టండి. వారానికొకసారి స్టార్టు చేసి అయిదు నిమిషాల్లో ఆపేయడం మేలుకన్నా కీడే చేస్తుంది, సెల్ఫు తీసుకున్న చార్జి ఆ అయిదు నిమిషాల ఐడిలింగులో తిరిగి చేరదు. తీస్తే నెల్లూరు నుంచి మైపాడు దాకానో, ఒంగోలు నుంచి కొత్తపట్నం దాకానో వెళ్లి వచ్చినంత దూరం నడపండి.

దారిలో ఆగిపోతే మరో బండి సాయంతో జంపరు కేబుళ్లు పెట్టవచ్చు. ఎర్ర తీగను ముందు ఆగిన బండి ప్లస్సుకు, రెండో కొసను మంచి బండి ప్లస్సుకు, నల్ల తీగను మంచి బండి మైనస్సుకు, దాని చివరి కొసను ఆగిన బండి ఇంజను మీద రంగు లేని లోహానికి పెట్టండి. చివరి రవ్వ బ్యాటరీకి దూరంగా రావాలనే ఈ క్రమం. రెండో గేరులో తోసి స్టార్టు చేయడం కార్బురేటరు బండికి నడుస్తుంది. ఎంపీఎఫ్ఐ బండిలో బ్యాటరీ పూర్తిగా పడిపోతే పెట్రోలు పంపే మోటారే తిరగదు కనుక తోసినవారి శ్రమ వృథా.

కొనేటప్పుడు

మారుతి 800, జెన్, పాత ఆల్టో పెట్రోలు బండ్లకు 35 ఏహెచ్ బ్యాటరీ వస్తుంది. డీజిలు బండ్లకు పెద్దది కావాలి. మీ కారు పుస్తకంలో ఉన్నదే తీసుకోండి. పాత బ్యాటరీ మీది కోడును ఫోటో తీసుకుని వెళ్లండి. 38బీ20ఎల్, 38బీ20ఆర్ అనేవి చూడటానికి ఒకటే, కానీ చివరి అక్షరం ప్లస్సు టెర్మినల్ ఏ వైపున ఉందో చెబుతుంది. అది తారుమారైతే కేబులు అందదు, బలవంతంగా లాగి బిగిస్తే బానెట్‌కు తగులుతుంది. టెర్మినల్ లావు కూడా కలవాలి. సన్నని టెర్మినల్‌కు లావు క్లాంపు తగిలించి మధ్యలో రేకుముక్క దోపితే నాలుగు గతుకులకే వదులవుతుంది.

ఏ కంపెనీది కొనాలని చాలామంది అడుగుతారు. మన పొరుగున తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే అమరాన్ గానీ, ఎక్సైడ్ గానీ, పేరున్నది ఏదైనా ఫరవాలేదు. నా దృష్టిలో కంపెనీ పేరుకన్నా తయారీ తేదీ ముఖ్యం. షాపు అరలో ఆరు నెలలు ఎండకు ఉడికిన బ్యాటరీని ఎవరు తయారుచేసినా ఒకటే. పెట్టె మీద ముద్రించిన నెల, సంవత్సరం చూపించమని అడగండి, మూడు నెలలలోపుది తీసుకోండి, మీటరు పెట్టి 12.5 తగ్గకుండా ఉందో చూడండి. వారంటీలో ‘ఉచిత మార్పిడి’ నెలలు ఎన్ని, ఆ తరువాత ‘ప్రోరేటా’ పద్ధతిలో కొంత ధర తగ్గించే నెలలు ఎన్ని అన్నది విడివిడిగా అడిగి, కార్డు మీద అమ్మిన తేదీ, బండి నంబరు, షాపు ముద్ర వేయించుకోండి.

మార్చేటప్పుడు

బండిని నీడలో చదునైన చోట పెట్టి, హ్యాండుబ్రేకు వేయండి. స్టీరియోకు కోడు ఉంటే ముందే రాసిపెట్టుకోండి. మైనస్, తరువాత ప్లస్సు విప్పి, బ్యాటరీని పట్టి ఉంచే పట్టీని తీసి, రెండు చేతులతో నిటారుగా పైకి ఎత్తండి. వంచితే ఆసిడ్ ఒలుకుతుంది. ఖాళీ అయిన ట్రేను సోడానీళ్లతో కడిగి, తుప్పు గీకి, ఆరిన తరువాత రంగు వేయండి. పాత బండ్లలో ఈ ట్రే కిందనే చిల్లులు పడతాయి.

కొత్త బ్యాటరీని పాతది ఉన్న దిశలోనే కూర్చోబెట్టి, కేబులు పెట్టే ముందు ప్లస్సు, మైనస్ గుర్తులు రెండుసార్లు చూడండి. తారుమారుగా క్షణం తగిలినా ఆల్టర్నేటరు డయోడ్లు కాలిపోతాయి. పట్టీని తప్పనిసరిగా బిగించండి. అసలు పట్టీ పోయి, సైకిలు ట్యూబుతో కట్టిన బ్యాటరీలు చాలా చూశాను. మన రోడ్ల కుదుపులకు ఊగే బ్యాటరీలో ఫలకల పొడి రాలి అడుగున చేరి, లోపలే షార్టు అవుతుంది. ప్లస్సు, తరువాత మైనస్ బిగించి, క్లాంపును చేత్తో తిప్పితే కదలకూడదు. స్టార్టు చేసి, లైట్లు, ఫ్యాను వేసి, మీటరుతో చార్జింగు వోల్టేజి మరోసారి చూసి, బ్యాటరీ పక్కన తెల్ల రంగుతో వేసిన తేదీ రాయండి. ఎంపీఎఫ్ఐ బండి మొదటి రోజు ఐడిలింగులో కాస్త తడబడితే కంగారు పడకండి, నడిపిన కొద్దీ సర్దుకుంటుంది.

పాత బ్యాటరీని కొత్తది కొన్న షాపులోనే ఎక్స్ఛేంజిలో ఇవ్వండి, ధరలో ఎంత తగ్గించారో బిల్లులో రాయించండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత వాటిని సేకరించి శుద్ధికి పంపే బాధ్యత తయారీదారులది. వీధిలో తిరిగే పాతసామాను బండికి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని వేస్తే, ఎవరో ఒకరు దానిని పగలగొట్టి ఆసిడ్‌ను కాలువలో పోసి, సీసాన్ని ఇంటి ముంగిట కరిగిస్తారు. ఆ పొగలోని సీసం ముందు తగిలేది అక్కడ ఆడుకునే పిల్లలకే. షాపుకు తీసుకెళ్లేటప్పుడు డిక్కీలో మందపాటి ప్లాస్టిక్ టబ్బు పెట్టి, దానిలో నిటారుగా నిలబెట్టి, కదలకుండా కట్టి తీసుకెళ్లండి.